తోకచుక్కని లేటుగా చూస్తే తప్పా?

అక్టోబర్ 2024లో అందరి వాట్సాప్ స్టేటస్‌లూ నింపేసిన ఆ తోకచుక్కని, అదే సుచిన్‌షాన్-అట్లాస్‌ని, నేను టైమ్‌కి చూడలేదు. 12న అది భూమికి ఏడు కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు మబ్బు. తర్వాత పున్నమి వెన్నెల. ఆ తర్వాత మిడ్ ఎగ్జామ్స్. "పీక్ అయిపోయిందిరా, వదిలేయ్" అన్నాడు రూమ్మేట్. నా గొడవంతా ఆ మాటతోనే.

దీపావళికి చిల్లకల్లు వెళ్లా. 30న రాత్రి ఏడింటికి బాబాయ్ 10×50 బైనాక్యులర్స్ పట్టుకుని పెరట్లోకి దిగా. ఒకపక్క హైవే మీద టోల్‌గేట్ వెలుగు, ఇంకోపక్క అప్పుడే మొదలైన టపాకాయల పొగ. కింద శుక్రుడు ధగధగలాడుతున్నాడు. తోకచుక్క వాడికి బాగా పైన, కుడివైపు ఉండాలి. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. చేతులు వణుకుతుంటే మోచేతులు పిట్టగోడకి ఆనించా. మసక వెలుగుని సూటిగా చూస్తే కనబడదు, కొంచెం పక్కకి చూడాలి. అలా చూస్తే దొరికింది. చిన్న బూడిదరంగు మరక. తోక ఉందో, నేనే అనుకున్నానో!

ఫోటోల్లో పొడుగు తోక ఎందుకంటే, కెమెరా సెకన్ల తరబడి వెలుగుని పోగేస్తుంది. మన కన్ను అలా పోగేయలేదు. ఫోటోతో పోల్చుకుని "ఇంతేనా" అనుకోవడం కంటికి అన్యాయం అని నా అభిప్రాయం. వెతికి పట్టుకున్న మరక నాకు ఏ రీల్ కన్నా ఎక్కువ.

"తోకచుక్కని చూడకూడదురా, అరిష్టం" అంటూనే నాయనమ్మ వచ్చి బైనాక్యులర్స్ లాక్కుంది. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి. చాలాసేపు చూసి, "విభూది వేలు తుడిచినట్టుంది" అంది. నాకు తట్టని పోలిక! 1910లో హేలీ తోకచుక్కకి జనం హడలిపోతుంటే గురజాడ 'ముత్యాల సరములు'లో దాన్ని చుట్టంలా చూశారని చెప్పా.

"చుట్టమైతే మళ్లీ ఎప్పుడొస్తుంది?"

80 వేల ఏళ్లకని అందరూ ఫార్వర్డ్ చేశారు. కానీ ఇప్పుడది వెళ్తున్న దారి చూస్తే అసలు తిరిగి రాకపోవచ్చు. అదే చెప్పా.

"అయితే ఇంకోసారి ఇలా ఇవ్వు."

వార్డెన్ సార్, ఇంకో తోకచుక్క వచ్చినప్పుడు హాస్టల్ టెర్రస్ తాళం ఒక్క గంట తీస్తారా? బైనాక్యులర్స్ నేను తెస్తా.