జాగీరు పోయింది, గడీ మిగిలింది

హైదరాబాద్ సంస్థానాన్ని 1948 సెప్టెంబర్ 18 నుంచి మరుసటి ఏడాది చివరిదాకా పాలించింది ఒక సైనికాధికారి. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి అప్పటికి నలభై ఏళ్లు. భారత సైన్యం జరిపిన అయిదు రోజుల పోలీసు చర్య ముగిసి, నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోగానే ఆయన మిలిటరీ గవర్నర్ అయ్యారు. ఆయన్ని అడిగే శాసనసభ లేదు. బొంబాయి నుంచి వచ్చిన డి.ఎస్.బాఖ్లే ముఖ్య పౌర పాలనాధికారిగా, మరికొందరు సభ్యులుగా ఒక చిన్న మండలి ఉండేది. దాని పైన ఢిల్లీలో సర్దార్ పటేల్ చేతిలోని సంస్థానాల శాఖ. కుట్ర చేసి గద్దెనెక్కిన సైనికుల పాలన కాదిది, ఢిల్లీలోని పౌర ప్రభుత్వం నియమించిన సైనిక పాలన. ఆ తేడా చిన్నదేమీ కాదు. అయితే నల్లగొండ రైతుకూ, పాతబస్తీ సిపాయికీ ఆ తేడా కంటికి కనిపించేది కాదు.

ఆ పదిహేను నెలల్లో రెండు పనులు పక్కపక్కనే సాగాయి. ఒకపక్క జైళ్లు నిండాయి. మరోపక్క రెండు శతాబ్దాలుగా వేళ్లూనిన జాగీర్దారీ వ్యవస్థ చట్టపుస్తకాల్లోంచి తుడిచిపెట్టుకుపోయింది. చరిత్ర పుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు అధ్యాయాల్లో రాస్తుంటాయి. ఈ రెండూ ఒకే సర్కారు ఒకే లక్ష్యంతో చేసిన పనులుగా చూస్తే తప్ప ఆ కాలం అర్థం కాదు.

ముందు భూమి సంగతి. 82 వేల చదరపు మైళ్లకు పైబడిన సంస్థానంలో సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ ప్రాంతం సుమారు అరవై శాతమే. పది శాతం దాకా సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత కమతం. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా మొత్తం దాని కిందిదే. మిగిలినది జాగీర్లు, పాయిగా ప్రభువుల ఎస్టేట్లు, సామంత రాజాల చిన్న సంస్థానాలు. ఆరు వేలకు పైగా ఊళ్లు వాటి కింద ఉండేవి. పెద్ద జాగీర్దారుకు తన పోలీసు, తన కోర్టు, తన శిస్తు కచేరీ. అస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రా అన్న మూడు పాయిగాలు చిన్న రాజ్యాలకు తీసిపోవు. జాగీర్దారులంతా ముస్లిం నవాబులే అన్నది తర్వాత పుట్టిన అపోహ. చార్మినార్ పక్క మాల్వాలా దేవిడీ అనే భవంతిలో ఉండే కాయస్థ కుటుంబం తరతరాలుగా నిజాం రెవెన్యూ లెక్కలు చూసింది, జాగీరు అనుభవించింది. గద్వాల, వనపర్తి రాజాలవీ అలాంటి హోదాలే.

1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసిపోయింది. అత్రాఫ్-ఎ-బల్దా, బాఘాత్ కలిపి హైదరాబాద్ జిల్లాగా ఏర్పరిచారు. దీనికి బదులుగా నిజాంకు ఏటా పాతిక లక్షలు. రాజభరణం యాభై లక్షలు, మహళ్ల నిర్వహణకు మరో పాతిక లక్షలు విడిగా ఒప్పుకున్నారు. ఆ పైన ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ అమలులోకి వచ్చింది. ఫస్లీ లెక్కలో అది 1358. కొద్ది వారాల్లో జాగీరు కచేరీల తాళాలు, దఫ్తర్లు సర్కారు చేతికి వచ్చేశాయి. ఆ ఆగస్టు 15నే నగరంలో 'సియాసత్' ఉర్దూ దినపత్రిక మొదటి సంచిక వెలువడింది. ఉర్దూ చదివే జాగీర్దారు పాఠకులకు పాత ప్రపంచం మూతపడిందీ, కొత్త పత్రిక తలుపు తట్టిందీ ఒకే పొద్దున.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ సంస్కరణలన్నీ నిజాం పేరు మీదే జరిగాయి. చౌధురికి పరిపాలనాధికారం ఇస్తూ 1948 సెప్టెంబర్‌లో నిజాం ఫర్మానా జారీ చేశారు. అందులో చట్టాలు చేసే అధికారం కూడా ఉందా అన్న సందేహం రాకుండా 1949 ఆగస్టు 7న మరో ఫర్మానా ఇచ్చారు. జాగీర్ల రద్దుకు అప్పటికి సరిగ్గా ఎనిమిది రోజులు. తమ జాగీర్లు అక్రమంగా లాక్కున్నారని వాదించిన వారికి 1960లో సుప్రీంకోర్టు ఈ రెండో ఫర్మానానే చూపించి ఆ రెగ్యులేషన్ చెల్లుతుందని తేల్చింది. అసఫ్ జాహీల వ్యవస్థను కూల్చిన గొడ్డలికి పిడి అసఫ్ జాహీ ఫర్మానాయే. ప్రజాస్వామ్యం వస్తుందని ఎదురుచూసిన తెలంగాణలో మొదటి పెద్ద ఆర్థిక సంస్కరణ చర్చ లేకుండా, ఓటు లేకుండా, పాత దర్బారు పద్ధతిలోనే వచ్చింది.

జాగీర్లు ఊళ్లలో ఉన్నా జాగీర్దారులు ఉండేది పాతబస్తీలో. షాగంజ్, హుసేనీ ఆలం, పురానీ హవేలీ చుట్టుపక్కల దేవిడీలకు ఆ ఊళ్ల శిస్తే తిండి. ఒక్కో దేవిడీ ఒక్కో మొహల్లా. గుమ్మం దగ్గర అరబ్బు కాపలాదారు, లోపల బావర్చీలు, జనానాలో మామాలు, దర్జీలు, మేనా మోసే బోయీలు, పిల్లలకు చదువు చెప్పే మౌల్వీ, లెక్కలు రాసే గుమాస్తా. వీళ్లలో చాలామందికి జీతంకన్నా తిండి, గుడ్డ, తలదాచుకోను ఒక గది ముఖ్యం. లాడ్ బజార్‌లో అత్తరు, జర్దోజీ, ముత్యాల వ్యాపారం కూడా ఈ దేవిడీల పెళ్లిళ్ల మీదే ఆధారపడింది.

జాగీర్దారుకు మధ్యంతర భృతి వచ్చింది. 1950 జనవరిలో వచ్చిన కమ్యుటేషన్ రెగ్యులేషన్‌తో పరిహారం లెక్కగట్టి వాయిదాల్లో చెల్లించారు. ఆ డబ్బు ఒక్కరికి చేరేది కాదు. ప్రతి జాగీరులో హిస్సేదార్లు ఉంటారు, గుజారా హక్కుదార్లు ఉంటారు. వితంతువులు, మేనత్తలు, సవతి అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు. తాత పేరిట ఉన్న జాగీరు మనవల దగ్గరికి వచ్చేసరికి నెల ఖర్చుకు కూడా చాలని వాటాలుగా చీలింది. అయినా వాటా అంటూ ఒకటి ఉంది. బావర్చీకి, బోయీకి, మామాకు ఆ రెగ్యులేషన్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. పరిహారం హక్కు ఉన్నవారికే తప్ప ఆధారపడినవారికి కాదన్నది చట్టం తర్కం. చట్టంగా అది సబబే కావచ్చు, సంస్కరణగా చూస్తే మాత్రం సగం పనే.

సిపాయిల పరిస్థితి ఇంకా దారుణం. నిజాం సైన్యం, ఆ పైన జాగీర్ల సొంత దళాలు, అరబ్బుల జమియత్ అన్నీ రద్దయ్యాయి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి తరాల కిందట వచ్చి బార్కస్‌లో స్థిరపడిన చావూష్ కుటుంబాలకు తుపాకీ తప్ప వేరే వృత్తి తెలియదు. కొందరిని నిర్బంధించి ఓడలెక్కించారు. ఉండిపోయినవారు పళ్ల వ్యాపారానికో, సైకిల్ రిక్షాకో, కూలికో దిగారు. 1970లలో గల్ఫ్ వలస మొదలయ్యేదాకా ఆ పేటకు నిలకడైన ఆదాయం లేదు. దీనికి తోడు సర్కారు కొలువుల్లో ఉన్న ముస్లిం ఉద్యోగులను పెద్ద ఎత్తున తొలగించి మద్రాసు, బొంబాయి నుంచి అధికారులను రప్పించారు. ఉర్దూ మాధ్యమానికి పేరుపడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఆ మాధ్యమాన్ని వదిలేసింది. భూమి లేని, వ్యాపారం రాని పట్టణ మధ్యతరగతికి కొలువు, భాష రెండూ కొద్దికాలంలోనే చేజారాయి.

ఇక అణచివేత. నిజాం పక్షాన నిలిచిన ముస్లిం పార్టీ మజ్లిస్‌ను నిషేధించారు. దాని కార్యాలయం దారుస్సలాంను సర్కారు స్వాధీనం చేసుకుంది. మజ్లిస్ సాయుధ దళమైన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అరెస్టయి, శిక్షపడి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. రజాకార్లు ఊళ్ల మీద సాగించిన దోపిడీలు, హత్యలు కళ్లెదుట ఉండగా వాళ్ల మీద చర్యను ఎవరూ తప్పుపట్టలేరు. అయితే వల వేసింది వాళ్ల మీదే కాదు. సైన్యం దిగాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద పెద్ద ఎత్తున ఊచకోత జరిగింది. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, 'పయాం' సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ తిరిగి చూసి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా పాలుపంచుకున్నారని రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆ జిల్లాల నుంచి పారిపోయి వచ్చినవారిలో ఎందరికో దిక్కు హైదరాబాద్ నగరమే అయింది.

తెలంగాణ జిల్లాల్లో సైన్యం గురి కమ్యూనిస్టుల మీద. వెట్టిని ఎదిరించి, దొరల భూములు పంచిన సంఘాలు నిజాం సైన్యం పోగానే ఆయుధాలు దించలేదు. మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చెప్పుకుంది. పార్టీ మీద నిషేధం పడింది, క్యాంపులు వెలిశాయి, అడవి అంచున ఉన్న కోయ గూడేలను ఖాళీ చేయించారు. నాలుగు వేల మంది చనిపోయారని, పదివేల మందికి పైగా మూడు నాలుగేళ్లు నిర్బంధంలో ఉన్నారని పార్టీ నాయకుడు సుందరయ్య లెక్క. నిజాం మీద పోరాడిన వాళ్లూ, నిజాం కోసం పోరాడిన వాళ్లూ ఒకే జైలు గోడల మధ్య గడిపిన కాలమది.

మిలిటరీ ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్ల పనితీరు చూస్తే ఆ పాలన స్వభావం తెలుస్తుంది. నల్లగొండ జిల్లా హత్య కేసుల్లో పన్నెండు మంది రైతులకు 1949 ఆగస్టులో మరణశిక్షలు పడ్డాయి, అంటే జాగీర్ల రద్దు వచ్చిన నెలలోనే. లాయరును పెట్టుకునే వ్యవధి తమకు ఇవ్వలేదని వాళ్ల మొర. మూసీ ఒడ్డున, పాతబస్తీ వైపు ఉన్న హైకోర్టు డిసెంబర్‌లో అప్పీళ్లు కొట్టేసింది. తర్వాత సుప్రీంకోర్టుకు వెళితే, హైకోర్టు తీర్పు 1950 జనవరి 26కు ముందే వచ్చింది కనుక అప్పీలు వినే అధికారం తమకు లేదని జవాబు. ఆరు వారాల తేడాలో రాజ్యాంగం అందకుండా పోయింది. ఇంగ్లండ్ నుంచి న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించినా రిట్లు నిలవలేదు. దేశవిదేశాల్లో గొడవ అయ్యాక చివరికి శిక్షలు తగ్గించారు, ఉరి తప్పింది.

సంస్కరణ, అణచివేత కలిసేది ఇక్కడే. మిలిటరీ ప్రభుత్వం జాగీర్దారును తీసేసింది, దొరను తీయలేదు. జాగీర్దారు నగరంలో ఉంటాడు, ఊరితో అతనికి శిస్తు బంధమే. అతని వెనక సైన్యం లేదు, జనమూ లేరు. తీసేయడం తేలిక. దేశ్‌ముఖ్, పట్వారీ, పటేల్‌ల చేతిలో మాత్రం పట్టా ఉంది. దివానీ ఊళ్లలో వేల ఎకరాల యజమానులు వాళ్లే. సంఘాల దెబ్బకు గడీలు వదిలి పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెంట తిరిగొచ్చి, పంచిన భూములు మళ్లీ స్వాధీనం చేసుకున్నారు. జాగీరు ఊళ్ల రైతుకు దివానీ రైతుతో సమాన హోదా దక్కింది, అది నిజమైన మేలే. అసలు దున్నేవాడికి భూమి దక్కాలన్న ప్రశ్నను మాత్రం ఆ ప్రభుత్వం కమిటీలకు వదిలింది. కమ్యూనిస్టులు లేకపోతే ఆ కమిటీలైనా వేసేవారా అన్నది అనుమానమే.

ఆ రోజుల్లోనే జపాన్‌లో అమెరికన్ జనరల్ మెకార్థర్ సైనిక పాలన 1946 చట్టంతో భూస్వాముల నుంచి భూమి కొని కౌలుదార్లకు అమ్మింది. 1950లో కమ్యూనిస్టులను ఉద్యోగాల్లోంచి ఏరివేసింది. అక్కడా సంస్కరణ, అణచివేత జోడుగానే నడిచాయి, కానీ కౌలుదారు చేతికి భూమి వచ్చింది. 1959లో పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ పెట్టిన భూపరిమితి తరి భూమికి 500 ఎకరాలు, మెట్టకు వెయ్యి. హైదరాబాద్ ఈ రెంటికీ మధ్యలో, అయూబ్‌కే కాస్త దగ్గరగా ఆగింది.

హైదరాబాద్‌లో కౌలుదారీ చట్టం వచ్చేసరికి చౌధురి వెళ్లిపోయారు. ఐసీఎస్ అధికారి ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రిగా 1950 జూన్‌లో అది అమలైంది. రక్షిత కౌలుదార్ల పేర్లు రికార్డులకెక్కాయి. కాగితం మీద ఇది దేశంలోనే గట్టి చట్టాల్లో ఒకటి. 1958లో ఆర్థికవేత్త ఎ.ఎం.ఖుస్రో అధ్యయనం చేసేనాటికి ఎందరో కౌలుదార్లు భూమి వదిలేసుకున్నారు. స్వచ్ఛందంగా వదులుకున్నట్టు కాగితాల్లో ఉంటుంది. వెంట సంఘం లేని రైతు గడీ ముందు నిలబడి చేసిన సంతకం ఎంత స్వచ్ఛందమో ఊహించడం కష్టం కాదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూను మించిన ఓట్లు ఇచ్చి లోక్‌సభకు పంపారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, బయటి ఉద్యోగులు వెళ్లిపోవాలన్న ముల్కీ ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగి విద్యార్థులు, యువకులు చనిపోయారు.

పాతబస్తీలో ఆ రెగ్యులేషన్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. 1949 మార్చిలో పెద్ద జాగీర్దారుల్లో ఒకరైన మూడో సాలార్‌జంగ్ వారసులు లేకుండా చనిపోతే ఆయన ఎస్టేటు చూడటానికి సర్కారు కమిటీ వేసింది. దివాన్ దేవిడీలోని ఆయన సేకరణ 1951 డిసెంబర్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. అన్ని దేవిడీలకూ ఆ అదృష్టం పట్టలేదు. హుసేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ స్తంభాలు ఏళ్ల తరబడి పెచ్చులూడుతూ నిలిచాయి. మాల్వాలా దేవిడీని చాలామటుకు కూల్చి దుకాణాలు కట్టారు. ఖుర్షీద్ జా పాయిగా ఆస్తుల పంపకానికి వేసిన దావా హైకోర్టు రికార్డులో 1958 సంవత్సరపు సీఎస్ 14గా ఉంది. దాని తాలూకు వివాదాల మీద సుప్రీంకోర్టు 2023లో కూడా తీర్పు రాసింది.