బయటికి రావద్దట!

ఏటా ఎండలు ముదిరేసరికి ఆ జాబితా మొదలవుతుంది. రేపు ఇన్ని మండలాల్లో తీవ్ర వడగాడ్పులు, ఇన్ని మండలాల్లో వడగాడ్పులు అని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పేరుపేరునా చెబుతుంది. నందిగామ, జి.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం, గన్నవరం, పెనమలూరు... అన్నీ మన పేర్లే. కింద ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంటుంది: ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దు. గొడుగు వాడండి, టోపీ పెట్టుకోండి, మజ్జిగ తాగండి.

ఎవరికండీ ఈ మాట? ఏసీ కింద కూర్చున్నవాడు ఎలాగూ రాడు. నున్న మార్కెట్లో మామిడికాయల లారీకి లోడెత్తే హమాలీ రాక తప్పదు. ఆటోనగర్ రేకుల షెడ్డులో వెల్డింగు చేసే కుర్రాడు రాక తప్పదు. కోల్డు స్టోరేజీ ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే ఆడమనిషి రాక తప్పదు. పూట గడవడం కంటే అత్యవసరం ఇంకేముంటుంది? అంటే ఈ హెచ్చరిక అక్కర్లేనివాడికి అందుతోంది, అక్కరున్నవాడికి వెక్కిరింతలా తగులుతోంది.

వాతావరణ శాఖ వాళ్లని అనడం లేదు. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. వేసవి మూడు నెలల అంచనా ముందే చెబుతున్నారు. నాలుగైదు రోజుల ముందే పసుపు, నారింజ, ఎరుపు రంగులు చూపిస్తున్నారు. నా కోపమంతా ఆ రంగు చూసి కూడా చేతులు ముడుచుకు కూర్చునే పాలకుల మీద.

తుపాను హెచ్చరిక వస్తే ఏం జరుగుతుందో కృష్ణా జిల్లా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడి వేల మందిని మింగాక మనం బుద్ధి తెచ్చుకున్నాం. మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగిరిందంటే కలెక్టరు కదులుతాడు, వేటకు వెళ్లరాదంటారు, బడులు మూస్తారు, రానంటే చెయ్యిపట్టి లాక్కొచ్చి మరీ షెల్టరులో కూర్చోబెడతారు. అది ఆజ్ఞ. అందుకే 2014లో హుద్‌హుద్ అంతటి తుపాను విశాఖను చీల్చి చెండాడినా రాష్ట్రంలో చావులు వంద దాటలేదు. ఆ మరుసటి ఏడాది, 2015 వేసవిలో, ఒక్క చెట్టు కూలకుండా, ఒక్క గోడ పడకుండా, ఆంధ్రప్రదేశ్‌లో ఎండ దెబ్బకు పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే 1,369 మంది. తుపాను హెచ్చరికను ఆజ్ఞ చేసిన సర్కారు ఎండ హెచ్చరికను మాత్రం సలహాగానే వదిలేసింది. చావుల తేడా అక్కడుంది.

ఆ లెక్క సంగతి కూడా చూద్దాం. 2013లో 1,393. 2015లో 1,369. 2016లో 723. 2017లో 236. 2018లో ఎనిమిది! మూడేళ్లలో సూర్యుడు అంత మంచివాడైపోయాడా? 2016లో రాష్ట్రం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక వేసుకున్న మాట నిజమే. దానివల్ల కొన్ని ప్రాణాలు నిలిచే ఉంటాయి, కాదనను. కానీ వడదెబ్బ చావని తేల్చే పద్ధతి ఏమిటో తెలిస్తే ఆ ఎనిమిది మీద నమ్మకం కుదరదు. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ చూసి ఔననాలి. పొలంలో కూలబడ్డవాడైతే సరే. మధ్యాహ్నం తల తిరుగుతోందని ఇంటికొచ్చి, రేకుల కింద పడుకుని, తెల్లారేసరికి లేవని ముసలాయన సంగతేమిటి? గుండె ఆగి పోయాడని రాస్తారు. గుండె ఆగకుండా పోయేవాడెవడు? తెలవారగానే దహనం చేసుకునే ఇంటివాళ్లు పోస్టుమార్టం కోసం శవాన్ని పెట్టుకుని కూర్చుంటారా?

పైగా మన డెల్టా ఎండ ఆ రంగుల్లో పూర్తిగా ఇమడదు. వాతావరణ శాఖ కొలత ప్రకారం మైదానంలో పగటి వేడి కనీసం 40 డిగ్రీలు ఉండాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరగాలి. 45 తాకితే మామూలుతో పనిలేకుండా వడగాడ్పే. పడమటి నుంచి దక్కన్ పీఠభూమి మీద కాగిన పొడిగాలి బలంగా దిగిన రోజు సముద్రపు గాలి లోపలికి రాలేక ఆగిపోతుంది. ఆ రోజు బెజవాడ పెనం, జాబితాలో మన పేరు పైన. పడమటి గాలి తగ్గిన రోజు తేమ లోపలికి జొరబడుతుంది. థర్మామీటరు 38, 39 చూపిస్తుంది, జాబితాలో పేరుండదు, హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ ఉక్కలో చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. పామర్రులోనో గుడివాడలోనో బస్తా మోసేవాడికి పొడి 43 కంటే తడి 39 చెడ్డదవుతుంది. తేమను కలిపి చెప్పే వేడి సూచీని వాతావరణ శాఖ 2023లో ప్రయోగంగా మొదలుపెట్టింది. దాన్ని మండలాల జాబితాలోకి తెచ్చి, దాన్నిబట్టి పని గంటలు మార్చిన నాథుడు మాత్రం నాకు కనబడలేదు. ఇక రాత్రుళ్ల మాట ఎవరూ ఎత్తరు. మొగల్రాజపురం, గుణదల కొండలు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటే, కొండవాలు ఇళ్లలో ఫ్యాను కూడా వేడి గాలే విసురుతుంది. రాత్రి కోలుకోని ఒళ్లు మర్నాడు పనికి పోతుంది. చావు ఆ రెండో రోజో మూడో రోజో వస్తుంది.

మే నెలలో ఏ పంట కాలువ గట్టు మీదికైనా వెళ్లి చూడండి. నీళ్లు కట్టేసిన కాలువలో ఉపాధి పని, పూడికతీత. కూలి కొలతను బట్టి. ఎండకు ఇనుములా బిగిసిన మట్టి గునపానికి లొంగదు, కొలత పడదు, కాగితం మీద 2025లో 307 రూపాయలున్న కూలి చేతికొచ్చేసరికి తరుగుతుంది. ఒకప్పుడు ఈ కష్టం చూసే మన దగ్గర వేసవి భత్యం ఉండేది. తక్కువ తవ్వినా కూలి నిండేది. కేంద్రం సాఫ్ట్‌వేరుకు మారేసరికి అది ఎగిరిపోయింది. సరే, తెల్లవారుజామునే వచ్చి పని ముగించారనుకోండి, ఇంటికి పోవచ్చా? పోకూడదు. హాజరుకు రోజుకు రెండు ఫోటోలు, రెండింటికీ మధ్య గంటల ఎడం. చట్టం ప్రకారం ఉండాల్సిన నీడ పందిరి లేదు, ఉన్న ఒక్క తుమ్మచెట్టు నీడలో పాతిక మంది ఆడవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుంటారు.

"ఎండ నెత్తికెక్కింది బాబూ, ఆ రెండో ఫోటో ఏదో కొట్టెయ్."

"టైము కాలేదు పిన్నీ, యాప్ తీసుకోదు."

ఒక చేత్తో బయటికి రావద్దని చెబుతూ, ఇంకో చేత్తో ఇంటికి పోవద్దని పట్టుకుని కూర్చునేది సర్కారే!

పని ఆపడం కుదరదంటారా? మార్చి సగం కాగానే ఒంటిపూట బడులు పెడుతున్నారు కదా, ఒక్క సర్క్యులరుతో. ఏప్రిల్ చివరికి సెలవులిచ్చేస్తున్నారు. హైకోర్టుకు వేసవి సెలవులున్నాయి. గుంటూరు మిర్చి యార్డుకు సెలవులున్నాయి. పిల్లలకిచ్చారని నాకేం బాధ లేదు, ఇవ్వాల్సిందే. కానీ పెద్దమనుషుల సంస్థలన్నింటికీ ఎండ తెలుస్తుంది, ఆ మిర్చి కోసిన మనిషికే తెలియదా?

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సరిగ్గా ఈ మండుటెండల్లోనే, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి రాష్ట్రం డబ్బిస్తోంది, 2025లో 20,000 రూపాయలు చేసింది. మంచి పని. ఇంకా ఇచ్చినా తప్పులేదు. అంటే పని ఆపమని చెప్పి, ఆపినందుకు బతుకు గడిచేలా చూడటం ఈ రాష్ట్రానికి చేతనైన విద్యే. చేప సంతతి కోసం రెండు నెలలు ఆపగలిగినవాళ్లు మనిషి కోసం మూడు గంటలు ఆపలేరా?

మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీలున్నారు. ఆ దేశాల్లో కూలికి దక్కే గౌరవం అంతంతమాత్రమే. ఆ కువైట్‌లోనే జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. దుబాయ్‌లో 12:30 నుంచి 3 దాకా. కేరళలో లేబర్ కమిషనర్ ఏటా వేసవిలో మధ్యాహ్నం పని ఆపమని ఉత్తర్విస్తాడు. బెజవాడ వెల్డరు దుబాయ్‌లో మధ్యాహ్నం నీడపట్టున కూర్చోవచ్చు, ఇంటికి తిరిగొస్తే మాత్రం కూర్చోకూడదు. ఎండ దెబ్బకు పోతే ఇచ్చే పరిహారాన్ని పక్క తెలంగాణ 2025లో నాలుగు లక్షలు చేసింది. పోయాక లక్షలు ఇవ్వడం కన్నా, బతికుండగా ఒక పూట కూలి ఇవ్వడం చవక కాదా?

కౌలు రైతు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. డెల్టాలో చేసేవాడు కౌలుదారు, అతని మెడ మీదే అప్పు కత్తి. అతని జేబులోంచి తీయమని నేననను. గుజరాత్‌లో 'సేవా' సంఘం ఆడకూలీలకు ఎండ గీత దాటితే వాళ్ల ఖాతాలోకే డబ్బు పడే బీమా నడిపింది. ఒక సంఘం చేసిన పని విపత్తు నిధి చేతిలో ఉన్న సర్కారుకు చేతకాదా? ఎర్ర రంగు పడిన మండలంలో ఆ రోజు సగం కూలి ప్రభుత్వం భరించాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు అధికారులు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు, నీళ్లు చేరిన కింది అంతస్తుకు 25,000 ఇచ్చారు. నీళ్లు గోడ మీద గీత మిగులుస్తాయి కాబట్టి నష్టం కళ్లకు కనబడింది. ఎండ గీత మిగల్చదు కాబట్టి చలివేంద్రంతో సరిపెడుతున్నారు. ఆ చలివేంద్రం కూడా మొదటి రోజు రిబ్బను, ఫోటో, నిలువెత్తు ఫ్లెక్సీ. వారం తిరిగేసరికి కుండ ఖాళీ, ఫ్లెక్సీలో నాయకుడు మాత్రం చల్లగా నవ్వుతూనే ఉంటాడు.

రేపటి జాబితా కిందనుంచి ఆ పాత సలహా తీసేసి మూడు ఆజ్ఞలు రాయమంటున్నాను. నారింజ, ఎరుపు మండలాల్లో 12 నుంచి 3 దాకా ఆరుబయట పని బంద్, చేయిస్తే జరిమానా. ఉపాధి పనిలో రెండో ఫోటో రద్దు, వేసవి భత్యం వెనక్కి. వేసవిలో పోయిన ప్రతి కూలీ మరణాన్నీ ఎండ కోణంలో విచారించి ఊరి పేరుతో ప్రకటించడం. జీవో రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు. అప్పటిదాకా, ఈ పత్రిక చేతిలో పట్టుకున్న మీ ఇంటి స్లాబు పనికో, మీ చేలో కోతకో ఈ మే నెలలో మనుషులు వస్తే, పన్నెండింటికి మీరే ఆపండి. కూలి మాత్రం కొయ్యకండి.