నల్లగొండ చూడని 'నల్లగొండ టెక్నిక్'

సామాజిక వైద్యంలో పీజీ చేసే ఏ విద్యార్థినైనా ఆపి, నల్లగొండ టెక్నిక్ అంటే ఏమిటని అడగండి. తడుముకోకుండా చెప్తారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి, తిప్పాలి, మడ్డి అడుగుకు దిగినంక వడబోయాలి, ఫ్లోరైడ్ తగ్గుతుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసిన పద్ధతి ఇది. పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో మార్కులున్నాయి. ఇప్పుడు ఇంకో ప్రశ్న అడగండి. మర్రిగూడ ఏ దిక్కున ఉంది? నడుము వంగి నేల చూపులు చూస్తూ నడిచే మనిషిని ఎన్నడన్నా కలిశావా? అక్కడ నోరు పెగలదు. మా జిల్లా పేరు పుస్తకంలోకి ఎక్కింది గానీ మా మనుషులు ఎక్కలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, పీజీ వైద్య విద్యార్థుల చదువులో ఒక పెద్ద మార్పు వచ్చి కొన్నేండ్లయింది. దాని మీద మన దగ్గర చర్చే లేదు. 2020 సెప్టెంబర్‌లో, పాత మెడికల్ కౌన్సిల్ దుకాణం మూసుకుని జాతీయ వైద్య కమిషన్ రాబోయే ముందు, ఒక నియమం తెచ్చారు. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ మూడు నెలలు జిల్లాలో పనిచేయాలి. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఎప్పుడైనా సరే. పేరు జిల్లా రెసిడెన్సీ. మొదట నూరు పడకలున్న ఆసుపత్రి కావాలన్నారు. 2023 నియమావళిలో యాభైకి తగ్గించారు. సర్జన్ అయ్యేవాడు జిల్లా ఆసుపత్రిలో కత్తి పట్టాలి. సామాజిక వైద్యం చదివేవారు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో, అంటే జిల్లా వైద్యాధికారి కింద, పల్లెల్లో, పథకాల్లో పని నేర్చుకోవాలి.

నియమం మంచిదే, మేము కాదనం. కానీ ఇసొంటి మంచి నియమాలు ఈ దేశం చాలా చూసింది. 1946లోనే భోర్ కమిటీ ప్రతి డాక్టరూ సామాజిక వైద్యుడు కావాలన్నది, దానికి మూడు నెలల శిక్షణ చెప్పింది. 1977లో ఒక్కో మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల బాధ్యత తీసుకోవాలన్నారు, ఊర్లకు పోను వ్యాన్లు కూడా ఇచ్చారు. ఆ పథకం పేరు ఇప్పుడు ఎంతమందికి యాది ఉంది?

మా అనుమానం ఒక్కటే. జిల్లాల్లో డాక్టర్ల కొరత ఎవరికి తెలియదు? పీజీ విద్యార్థి రాగానే సూపరింటెండెంట్‌కు కనిపించేది ఖాళీ డ్యూటీ. 'ఈ రాత్రి క్యాజువాలిటీ చూడు బాబూ' అంటారు. మత్తు డాక్టరుకు, పిల్లల డాక్టరుకు అది చదువే, పేషెంటుకూ మేలే. కానీ ప్రజారోగ్యం చదివేవారిని వార్డులో కట్టేస్తే వాళ్లకు దొరికేది చాకిరీ, జిల్లాకు దొరికేది సగం డాక్టరు. వాళ్ల వార్డు ఊరు.

ఆ ఊరు ఎట్లుంటదో మా యాదగిరిగుట్ట చుట్టూ తిరిగితే తెలుస్తుంది. గుట్ట కింద ఆదివారం పూట నిలబడండి. ఇంతమంది జనం తాగే నీళ్లు, తినే తిండి, పోయే మరుగు, వదిలే చెత్త, ఇవన్నీ లెక్క కట్టడం నేర్పే క్లాసు రూము ఏ కాలేజీలో ఉంది? పోచంపల్లి పోతే గుంట మగ్గంలో పొద్దంతా కూసునే నేతకారుని నడుము, మోకాళ్లు ఉన్నాయి. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి వెన్నుపూస ఉంది. బీబీనగర్, వలిగొండ దిక్కు పోతే హైదరాబాద్ మురికినంతా మోసుకొచ్చే మూసీ ఉంది. ఆ నీళ్లతో పండే వరి ఉంది, ఆ నీళ్లల్ల దిగి నాటేసే ఆడోళ్ల కాళ్లున్నాయి. మూడు నెలలు దీనికే చాలవు.

ఇక ఫ్లోరైడ్. నల్లగొండ టెక్నిక్ కాగితం మీద భేషుగ్గా ఉంది. ఊర్లో రోజూ పటిక మోతాదు ఎవరు తూయాలి? మడ్డి ఎక్కడ పోయాలి? సర్పంచ్ మారితే ఎవరు నడపాలి? ఈ ప్రశ్నలకు పుస్తకంలో జవాబు దొరకదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద జనం తమ గోస దేశానికి వినిపించడానికి వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఎన్నిక చదవకుండా ఫ్లోరైడ్ చదివినట్లా? ఈ రోగానికి మందు కృష్ణా నీళ్లని జనం తేల్చారు, కొట్లాడి తెచ్చుకున్నారు. రాష్ట్రం వచ్చినంక మిషన్ భగీరథ నల్లాలొచ్చాయి, ఫ్లోరైడ్ పీడ పోయిందని సర్కారు ప్రకటించింది. సంతోషం. కానీ వంగిన ఎముక నల్లా నీళ్లతో నిటారు కాదు. చేను కాడ దూపైతే కూలి ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందో లేదో ఊరూరా మళ్లీ కొలిచే పని ఎవరిది? అదిగో, మూడు నెలల సిలబస్.

బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 2019 నుంచి చదువు నడుస్తోంది. అది సొంత చట్టం కింద నడిచేది కాబట్టి కమిషన్ నియమం దాన్ని కట్టడి చేయదు. కట్టడి లేకున్నా మూసీ పక్కనే ఉన్న సంస్థ మూసీని పాఠం చేయాలని అడిగే హక్కు మాకుంది. అక్కడికి అన్ని రాష్ట్రాల పిల్లలు వస్తారు, రావాలి కూడా. కానీ 'పెయ్యి కాలుతుంది', 'కాళ్లు గుంజుతున్నయ్' అని అవ్వ చెప్తే అర్థం కానివారికి సర్వే ఫారం ఎందుకు? ఇక్కడ పనిచేసే ప్రతి పీజీకి మా భాష నేర్పాలి. నెల రోజులు చాలు. మా జిల్లాకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అందులో ఎంబీబీఎస్ పిల్లలు తలా మూడు నుంచి ఐదు కుటుంబాలను దత్తత తీసుకోవాలనే నియమం ఉంది. ఆ కుటుంబాల లెక్కలూ, పీజీల సర్వేలూ ఒక్కచోట చేరితే జిల్లాకు నికరమైన ఆరోగ్య చిట్టా తయారవుతుంది. విడివిడిగా ఉంటే బీరువా నిండుతుంది.

ఎంపీహెచ్ చదివే పిల్లల గోస వేరు. నర్సులు, దంత వైద్యులు, సోషల్ వర్క్ చదివినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో మరోచోటో రెండేండ్లు చదివి బయటికొస్తారు. వాళ్లకు ఈ జిల్లా నియమం లేదు, ఆ కోర్సు వైద్య కమిషన్ కిందికి రాదు. చదువైనంక సర్కారు కొలువూ కనబడదు, ప్రాజెక్టు ఉంటే జీతం, పోతే ఇల్లు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య క్యాడర్ ఉండాలన్నది. 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. తమిళనాడుకు 1939 నుంచే ప్రజారోగ్య చట్టం ఉంది, వేరే విభాగం ఉంది. నియామకాల కోసం రోడ్ల మీద కూసున్న మేము ఈ కొలువుల సంగతి అడగకుండా ఎట్లుంటం? జిల్లాకు నలుగురు ఎంపీహెచ్ పట్టభద్రులను పెట్టమనండి. నీళ్లు కొలిచే పని వాళ్లకివ్వండి.

ఆఖరికి ఒక్క షరతు. మూడు నెలలయ్యాక విద్యార్థి రాసే నివేదిక కాలేజీ గైడు సంతకంతో ముగియొద్దు. తెలుగులో రాయాలి. ఏ ఊరి నీళ్లు కొలిచారో ఆ ఊరి గ్రామసభలో చదవాలి. 'నా బోరు సంగతి చెప్పు బిడ్డా' అని ముసలమ్మ అడిగితే నిలబడి జవాబియ్యాలి. మార్కులు ఆ తర్వాత వేయండి.