మజిలీలు లేని యాత్ర

మా నందిగామ, జగ్గయ్యపేటల కార్ల ప్రియులు కొందరు ఈ వేసవికి అరకు యాత్ర తలపెట్టారు. అయిదు బండ్లు, అందులో ఒకటి పాత అంబాసిడరు. (ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది సుమండీ!) అయితే వారి పథకంలో కిలోమీటర్లున్నాయి, మజిలీలు లేవు. ఒక్క పగటిలో గమ్యం చేరాలట! వెంట వృద్ధులూ పసివారూను.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న, నడివేసవిలోనే, పెద్ద పరివారంతో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. వారి కాశీయాత్ర చరిత్ర తెరచి చూడండి. ఏ ఊర నీరు దొరుకును, ఏ ఊర అంగళ్ళున్నవి, దిగుటకు చోటేది? అడుగడుగునా ఇదే ధ్యాస. పల్లకీ మోసే బోయీల అలసట ఆయన కన్నులకు కనిపించేది. ఇంజను అలసట మనకు పొగలు వచ్చేదాకా కనపడదు.

రోహిణీకార్తె ఎండ మన మెట్టసీమవారికి కొత్తగా చెప్పాలా? నా మతమిది: తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగానే గాలి సరిచూసుకొని కదలాలి. ఎండ ముదిరేలోగా రాజమహేంద్రవరంలో దిగాలి. పొద్దు వాలాక మళ్ళీ బయలుదేరి, రాత్రికి అన్నవరం. అనంతగిరి ఘాటు మరునాటి మాట. అంబాసిడరే ముందు నడవాలి. కొత్త బండ్లు దాని వెనుక. "అంత నెమ్మదిగానా మాస్టారూ?" అన్నాడొక కుర్రవాడు. ఔను నాయనా, వెనుక సీటులో మీ నాయనమ్మ ఉన్నది.