మతమూ, ఇల్లూ, పిల్లల చదువూ

పిల్లవాడు పరీక్షలో నెగ్గితే ఆ యింటి భక్తికి ఫలమనీ, తప్పితే ఆ యింటి మతానికి దోషమనీ చెప్పే అలవాటు దేశమంతటా ఉన్నది. మొదటి మాట ఇరుగుపొరుగులది, రెండవది పెద్దమనుష్యులది. రెండూ తప్పే. రెండవదాని వల్ల హాని ఎక్కువ. అది ఒక సమాజాన్ని మొత్తంగా నిందించి, బడి కట్టించవలసిన ప్రభుత్వాన్ని ఊరక వదలివేస్తుంది.

ముస్లిం పిల్లలు బడికి బదులు మదరసాకు పోతారనీ, అందుకే వెనుకబడ్డారనీ అనేవారు నేటికీ ఉన్నారు. 2006లో సచ్చార్ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం బడియీడు ముస్లిం పిల్లలలో మదరసాలో చదివేవారు నూటికి 4గురికి మించరు. 6 మొదలు 14 ఏండ్ల వరకు గల వారిలో బడిముఖం ఎరుగనివారూ, నడుమ మానినవారూ కలిసి నూటికి 25 మంది అని ఆ నివేదికే తెలిపింది. ఆ నలుగురిని గురించి ఇంత గోల. ఈ ఇరవై ఐదుగురిని గురించి మౌనం! మలబారు పిల్లలు తెల్లవారి మదరసాలో ఖురాను చదివి, ఆ పిమ్మట బడికి పోతారు. గ్రంథమొకటే, నమాజొకటే; మరి కేరళకూ ఉత్తరప్రదేశ్‌కూ మధ్య చదువులో అంత అంతరం మతం వల్ల ఎట్లా వచ్చినది?

అయితే మతం పేర ఇంటిలో జరిగే అన్యాయాన్ని కప్పిపుచ్చడమూ తగదు. 1880లో రంగపూరు జిల్లా పైరాబంద్‌లో పుట్టిన రొకేయాకు వంగభాషా, ఇంగ్లీషూ నేర్పడం తండ్రికి సమ్మతం కాదు. ఇంటివారు నిద్రించిన పిమ్మట దీపపు వెలుగున అన్న ఇబ్రహీం సాబేర్ ఆమెకు పాఠం చెప్పేవాడు. తండ్రి మతమూ అన్న మతమూ వేరు కావు. 1911లో ఆమె కలకత్తాలో 8 మంది బాలికలతో పాఠశాల తెరిచింది. అందులో ఖురాను పఠనానికీ చోటిచ్చింది. బాలికలను తెచ్చే బండిని గాలి చొరకుండా మూస్తే పిల్లలు మూర్ఛపోయారు. పరదాలు కట్టిస్తే, అవి గాలికి తొలగుతున్నవని బెదిరింపు ఉత్తరాలు వచ్చినవి. ఈ వృత్తాంతాన్ని ఆమే ‘అవరోధబాసిని’లో వ్రాసింది. ఆ ఉత్తరాలు వ్రాసినవారికి ఎంత తీరిక!

ఇది ఒక మతంవారి కథ మాత్రమే అనుకొని హిందూ గృహస్థులు సంతోషించనక్కరలేదు. విద్యాదేవతను స్త్రీరూపాన పూజించే సమాజమే 1848లో పూనాలో బాలికలకు చదువు చెప్పబోయిన సావిత్రీబాయి ఫూలేపై పేడా బురదా చల్లింది. వంగదేశంలో సరస్వతీపూజనాడు పుస్తకాలు దేవి పాదాలచెంత ఉంచి ముట్టుకోరు. పిల్లలకు అంతకన్న ప్రియమైన వ్రతం మరొకటి లేదు. దానివల్ల నష్టమూ లేదు. కాని పూజ ముగిసిన మరునాడు కొడుకు పుస్తకం తీస్తాడు, కూతురు అంట్ల ముందు కూర్చుంటుంది. పరీక్షకు ముందు కలాన్ని గుడిలో పెట్టించి తెచ్చే తండ్రే ఆ మాసంలో కూతురికి పెండ్లిచూపులు కుదుర్చుతాడు. రేపు ఆ పిల్ల తప్పితే, నింద దైవానిదేనా?