చక్రముల మీది సంసారము

ఇల్లు చిన్నదైన కొలది గృహిణికి పని తగ్గునని మనలో పెక్కండ్రు తలంతురు. మేమును అట్లే తలచితిమి. మా యింటివారి యుపాధ్యాయవృత్తి నిమిత్తమై ఇంగ్లండునందలి యార్కుషైరు సముద్రతీరమున ఒక చలికాలమును కారవానులో గడపిన పిమ్మట గాని ఆ తలంపులోని పొరపాటు మాకు తెలియలేదు.

కారవాననగా చక్రముల మీది యిల్లు. వినోదయాత్రలకై అట్టిదానిని 1885వ సంవత్సరమున గార్డన్ స్టేబుల్సు అను నౌకాదళ వైద్యుడు కట్టించుకొనెను. దానిని రెండు గుఱ్ఱములు లాగెడివి. నేడు అచటి తీరములందు వరుసలుగా నిలిచియుండు పెద్ద కారవానులకు చక్రములు పేరునకే. సముద్రపు గాలికి ఒరగకుండ వానిని గొలుసులతో నేలకు బిగింతురు. మాదియు అట్టిదే. రెండు చిన్న పడకగదులు, ఒక కూర్చుండు గది, దాని మూలనే వంట. గోడలు పలుచని రేకు.

డిసెంబరు నెలలో అచట 8 గంటలు దాటిన గాని ప్రొద్దు పొడవదు. 4 గంటలు కాకమునుపే క్రుంకును. లేవగానే మా మొదటి పని కాఫీ కాచుట కాదు, కిటికీలు తుడుచుట. రాత్రి మా మువ్వుర ఊపిరియు అద్దములపై నీరై, జారి, పరుపుల క్రిందికి చేరెడిది. ఒక వారము అలక్ష్యము చేసితిమా, పరుపు అడుగున నల్లని బూజు! అందుచే పరుపులను ప్రతిదినము నిలువబెట్టి ఆరనిచ్చెడివారము. తడిబట్టలు లోపల ఆరవేయుట మానితిమి. అన్నము ఉడుకునపుడు మూత తీయకుంటిమి. మంటనుండి సయితము నీరు పుట్టునని అచటనే నేర్చితిమి. ఒక కిలో ప్రొపేను గ్యాసు మండినచో కిలోన్నరకు మించిన నీటియావిరి వెలువడును.

మన వంటగ్యాసులో బ్యూటేను, ప్రొపేను కలిసియుండును. నీరు గడ్డకట్టు చలిలో బ్యూటేను ఆవిరి కాజాలదు. ప్రొపేను సున్నకు 42 డిగ్రీల దిగువ వరకును ఆవిరియగును గనుక అచట చలికాలమునకు దానినే వాడుదురు. 47 కిలోల సిలిండర్లు రెండు మా గోడ వెలుపల నిలిచియుండెడివి. మంచు పడు రాత్రి నీటిగొట్టములు గడ్డకట్టునను భయముచే పండుకొనుటకు ముందే గిన్నెలు, బిందెలు నింపుకొనెడివారము. దోసెపిండి పులియుటకై దానికి వేడినీళ్ల సీసా తోడుంచి కంబళి చుట్టెడివారము.

ఇట్లు నేర్పుగా దినములు గడపుచున్నామని మురియుచుండగా ఒక రాత్రి ఈశాన్యపు గాలి రేగెను. నేలమట్టముననున్న వాయురంధ్రము నుండి చలి కాళ్లను కోయుచుండెను. ఇంత గ్యాసు కాల్చి, ఆ వేడిని సముద్రమునకు ధారపోయుట యేల యని పాతచీర ముక్కలు కుక్కి ఆ రంధ్రమును మూసితిమి. తలుపు సందులను కాగితములతో పూడ్చితిమి. గది వేడికై వంటపొయ్యిని వెలుగనిచ్చితిమి.

గది హాయిగా వెచ్చబడెను. కొంతసేపటికి అమ్మాయి తలనొప్పి యని పండుకొనెను. మాకును తల బరువెక్కి, కడుపులో తిప్పసాగెను. మధ్యాహ్నపు కూరను శంకించితిమే గాని పొయ్యి వంక చూడనేలేదు. ఇంతలో గోడనున్న అలారము కూయసాగెను. వారు పొయ్యి ఆర్పి తలుపులు తెరచిరి. మేము అమ్మాయిని కంబళిలో చుట్టి వానలో మెట్లపై నిలిచితిమి. పక్క కారవానులోని వృద్ధురాలు ఆ కూత విని వచ్చి మమ్ము వైద్యశాలకు చేర్చెను. అచట రక్తము పరీక్షించి, ప్రాణవాయువు పట్టి, మరునాడు పంపిరి. పిదప గ్యాసు పనివాడు వచ్చి చూచెను. పొయ్యియందు ఏ దోషమును లేదు. దోషము మాది.

గాలి చాలనిచోట బొగ్గు, కట్టె, గ్యాసు ఏది మండినను కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు మించిన పట్టుతో ఈ విషమును పట్టుకొనును. ఇంట నందరికి ఒకేసారి తలనొప్పి, వికారము, మగత కలిగి, బయటికి రాగానే తగ్గినచో దానిని అజీర్ణమని తలపరాదు.

పంచవటిలో సీతాదేవి హేమంతమును పర్ణశాలలో గడపెను. ఆకుల యిల్లు తనంత తానే ఊపిరి పీల్చును. మన పెద్దల పెంకుటిండ్లకును ఆ గుణము కలదు. రేకుల యింటికి, సిమెంటు మిద్దెకు అది లేదు. దాని ఊపిరిని గృహిణియే కాపాడవలెను.

మాకు కారవానులు లేవు గదా యని మీరనవచ్చును. స్నానపుగదిలో గ్యాసు గీజరు వెలిగించి, చలియని కిటికీ బిగించు ఇండ్లు మనలో లేవా? బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయు అలవాటు ఎల్లచోట్ల తొలగెనా? తల్లీబిడ్డల వెచ్చదనమునకు కంబళి కలదు, ఉన్నివస్త్రము కలదు. నిద్రించు గదిలో కుంపటి వలదు. గీజరును స్నానపుగది వెలుపలనే అమర్పించుకొనుడు. ఈ మాట పెద్దలకు వినయముగా నచ్చజెప్పుడు. నచ్చకున్నను కిటికీ మాత్రము తెరచియే యుంచుడు.

ఆ రాత్రి తరువాత మేము రెండేసి జతల మేజోళ్లు తొడిగితిమి గాని, వాయురంధ్రమును మరల మూయలేదు. ఆ పాతచీర ముక్కలతో ప్రతి యుదయము కిటికీలు తుడిచితిమి. వానికి తగిన పని యదియే.