పోషక కుటుంబమునకు అనుమతి యెందుకు?

సంపాదకులు గారికి,



“దిక్కులేని బిడ్డకు ఇంట అన్నము పెట్టుటకు కూడ సర్కారు లైసెన్సు కావలెనా?” అని మా కంటోన్మెంటులో ఒక పెద్దమనిషి ఇటీవల ఆక్షేపించినారు. అక్కడ నున్నవారు పలువురు ఔననిరి. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును తమ పత్రిక ద్వారా మనవి చేయుచున్నాను.

మన తెలుగు ఇండ్లకు ఈ ధర్మము క్రొత్త కాదు. వారాలు చేసికొని చదివిన పిల్లలు మన తాతల కాలమున ప్రతి ఊరను ఉండిరి. ఒంగోలులో తండ్రిని పోగొట్టుకొన్న టంగుటూరి ప్రకాశమును ఆయన ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు వెంటబెట్టుకొని పోయి చదివించినారు. 1953 అక్టోబరు 1వ తేదీన, మన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన దినముననే, ఆ బాలుడే ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. నాయుడుగారిని ఏ కమిటీయు అనుమతి పత్రమడుగలేదు, నిజమే.

కాని రెండవ ప్రక్క కూడ చూడవలెను. “మా దూరపు చుట్టాల పిల్ల” అని పల్లె నుండి తెచ్చి, చంటిబిడ్డ నెత్తుకొనుటకును అంట్లు తోముటకును నియోగించిన ఇండ్లు లేవా? ఆ పిల్ల పేరు బడి రిజిస్టరులో నుండదు, రేషను కార్డులో నుండదు. ఆమెకు దెబ్బ తగిలినను జ్వరము వచ్చినను అడుగువారుండరు. నాయుడుగారి వంటి వారికి చట్టముతో పని లేదు. చట్టము అందరి ఇండ్లను తలచి వ్రాయబడును.

2015 నాటి బాల న్యాయ చట్టము, 44వ సెక్షను, ఈ విషయమునకే ఏర్పడినది. దీనిని దత్తతతో కలుపరాదు. దత్తతలో బిడ్డ మన వంశములో చేరును. ఇందులో బిడ్డ తన తల్లిదండ్రుల బిడ్డగానే యుండి, కొంతకాలము మన ఇంట పెరుగును. తల్లిదండ్రులుండియు సాకలేని స్థితిలో నున్న పిల్లలు, దత్తతకు ఎవరును తీసికొనని పెద్దపిల్లలు దీనికి ముఖ్యముగా అర్హులు. కేంద్ర ప్రభుత్వపు 2024 నమూనా మార్గదర్శకములు ఆరేండ్లు నిండిన వారినే చెప్పుచున్నవి. ఇట్టి పిల్లలకు కుటుంబము దొరకనిచో పదునెనిమిదేండ్ల వరకు ఆశ్రమమే గతి.

దరఖాస్తు జిల్లా బాలల రక్షణ విభాగమునకు పెట్టుకొనవలెను. వారు ఇంటికి వచ్చి ఆదాయము, ఆరోగ్యము, ఇంటివారి నడవడి విచారింతురు. తరువాత బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు నిచ్చును. బిడ్డ వచ్చిన పిమ్మట గూడ కమిటీ నెలనెల తనిఖీ చేయవలెనని చట్టము. బిడ్డ యోగక్షేమములలో లోపము కన్పించినచో తిరిగి తీసికొని పోవుదురు.

ఈ తనిఖీయే పలువురికి అవమానముగా తోచుచున్నది. పింఛనుదారులము మేము ఏటేట నవంబరులో బ్రతికియున్నామని ధ్రువపత్రము నిచ్చుచున్నాము. దానికి కోపించి పింఛను మానుకొన్న వానిని నేనెరుగను. ముప్పది యేండ్లకు పైగా దస్త్రములు కదిపినవాడను గనుక ఒక మాట చెప్పగలను: నోరులేని వాని తరపున మాటలాడుటకే కాగితము పుట్టినది. ఇక్కడ నోరులేనివాడు బిడ్డ, గృహస్థు కాడు.

మిషన్ వాత్సల్య పథకము క్రింద బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయల సహాయము కలదు. అది బిడ్డ సొమ్ము. దానిని చూచి ముందుకు వచ్చువారు రాకుండుటయే మేలు. ఒకనాడు ఆ బిడ్డ కన్నతల్లి చెంతకు తిరిగి పోవచ్చును. ఆనాడు తలుపు తెరచి పంపగల గుండె ఉన్నవారే పూనుకొనవలెను. ఇది తేలిక పని అని నేననను.

అధికారులకును మూడు విన్నపములు. ఈ సరిహద్దు జిల్లాలో ఇంట తెలుగు, బడిలో కన్నడము మాటలాడు పిల్లలు అనేకులు. అట్టి బిడ్డకు తన మాట తెలిసిన ఇల్లు దొరకునట్లు చూడవలెను. దరఖాస్తు వివరములు కన్నడముతో పాటు తెలుగులోను ప్రకటింపవలెను. సహాయపు సొమ్ము నెల తప్పక అందవలెను.

2024 మార్గదర్శకములు ఒంటరివారికి కూడ ముప్పదియైదు మొదలు అరువది యేండ్ల వరకు అవకాశమిచ్చినవి. భార్య గతించిన నాకు అరువది దాటినవి గనుక నేను అర్హుడను గాను. అయితే తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మన కుటుంబములలో నలుబది, యేబది యేండ్ల దంపతులు ఎందరో కలరు. పిల్లలు బెంగుళూరికో అమెరికాకో పోగా, మేడమీది గదులు తాళములతో నున్నవి. బళ్లారి తెలుగువారిలో పది కుటుంబములైనను ఈ ఏడు దరఖాస్తు పెట్టుకొన్నచో, పది మంది పిల్లలు ఆశ్రమపు వరుస విడిచి ఇంటి పంక్తిలో కూర్చుందురు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
కంటోన్మెంట్, బళ్లారి.